ఆట మీ ఫోన్లో ఉండదు: వేలమంది కలిసి ఆడే ఆన్‌లైన్ ఆటలపై పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఆన్‌లైన్ ఆటల మీదే. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేసి జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: వందమంది దిగే బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) కూడా ‘ఎమ్మెమ్మో’ (వేలమంది ఒకే లోకంలో ఆడే ఆట) కిందికే వస్తుందా? ఎమ్మెమ్మోలో మనం లేనప్పుడు కూడా లోకం నడుస్తుందంటారు. ఎక్కడ నడుస్తుంది? (డిగ్రీ విద్యార్థి, ఆమదాలవలస)

రాదు. సంతకీ ఊరికీ ఉన్నంత తేడా ఉంది. బీజీఎంఐలో వందమంది దిగుతారు, అరగంటలో ఒక జట్టు మిగులుతుంది, అంతటితో ఆ మైదానం చెరిగిపోతుంది. తర్వాతి మ్యాచ్‌కి పగిలిన కిటికీ మళ్ళీ బాగానే ఉంటుంది. ఎమ్మెమ్మో ఊరు లాంటిది. మీరు పడుకున్నా అంగడి తెరిచే ఉంటుంది, మీరు అమ్మకానికి పెట్టిన కత్తిని ఎవరో కొనుక్కుపోతారు, పొద్దున్న లేచేసరికి డబ్బు మీ సంచిలో ఉంటుంది.

ఆ లోకం ఉండేది సర్వరులో, అంటే ఆట కంపెనీ నడిపే కంప్యూటరులో. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ప్రాణం ఎంత, సంచిలో ఏముంది అన్న లెక్కంతా అక్కడే. ఫోన్లో ఉండేవి బొమ్మలు, శబ్దాలు, మ్యాపులు. డౌన్‌లోడు అన్నేసి జీబీలు అవడానికి కారణం అవే. నిర్ణయాలు మాత్రం ఫోన్ చేతిలో ఉండవు. మీరు కొట్టు బటన్ నొక్కితే ఫోన్ పంపేది అర్జీ మాత్రమే. శత్రువు అందేంత దగ్గరలో ఉన్నాడా, ఆ ఆయుధం నిజంగా మీ దగ్గర ఉందా, ముందు దెబ్బ కొట్టి తగినంత సేపయిందా అని సర్వరు చూసుకుని, దెబ్బ తగిలిందో లేదో అదే తేలుస్తుంది. ఫోన్ ఆటగాడి చేతిలో ఉన్న వస్తువు, దాన్ని ఎలాగైనా మార్చేయొచ్చు. అందుకే దాని మాట నమ్మరు.

సర్వరు ఈ పనిని గంట కొట్టినట్టు చేస్తుంది. వచ్చిన అర్జీలన్నీ తీసుకుని, అందరినీ ఒక అడుగు కదిపి, ఫలితాలు పంపి, మళ్ళీ మొదలుపెడుతుంది. ఈ ఒక్కో చుట్టునీ ‘టిక్’ అంటారు. ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్‌లో టిక్ 0.6 సెకను, ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో 1 సెకను. తుపాకీ ఆటలకి అంత నెమ్మది కుదరదు, సెకనుకి 30, 60, ఆ పైన కూడా పెడతారు. డేటా ఖర్చు మాత్రం జనం అనుకునేంత ఉండదు. సెకనుకి 20 సార్లు 500 బైట్ల చొప్పున వచ్చినా గంటకి 36 ఎంబీ. సినిమా చూడటంతో పోలిస్తే లెక్కలోది కాదు.

ప్రశ్న: ఇలాంటి ఆట మొదట ఎవరు చేశారు? (నరసన్నపేట)

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి పీడీపీ-10 కంప్యూటరు మీద ‘మడ్’ మొదలుపెట్టాడు. తోటి విద్యార్థి రిచర్డ్ బార్టిల్ దాన్ని ముందుకు తీసుకెళ్ళాడు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. ఉత్తరానికి వెళ్ళు, కత్తి తీసుకో అని టైపు చేస్తే గదిలో ఏముందో అక్షరాల్లోనే కనబడేది. ఈనాటి ఆటల ఎముకలన్నీ అందులో ఉన్నాయి: ఒకే లోకం, చాలామంది ఆటగాళ్ళు, మధ్యలో తీర్పు చెప్పే ఒక కంప్యూటరు.

1986లో లూకాస్‌ఫిల్మ్ వాళ్ళ ‘హాబిటాట్’ కమోడోర్ 64 మీద బొమ్మలతో వచ్చింది. తెరమీది మనిషిని వాళ్ళు ‘అవతార్’ అన్నారు. మన మాటే, సముద్రాలు దాటి వెళ్ళి మళ్ళీ మన ఫోన్లోకే వచ్చింది. అప్పట్లో ఆన్‌లైన్ ఆటలకి గంటల లెక్కన డాలర్లు కట్టేవారు కాబట్టి సామాన్యులకి అందేవి కావు. 1996 చివర్లో అమెరికాలో ఏఓఎల్ అనే నెట్ కంపెనీ గంటల లెక్క తీసేసి నెలకింత అని పెట్టాక జనం వచ్చారు. 1996లో మెరిడియన్ 59, 1997 సెప్టెంబరులో అల్టిమా ఆన్‌లైన్, 1998లో కొరియాలో లీనేజ్, 1999 మార్చిలో ఎవర్‌క్వెస్ట్ వరసగా వచ్చాయి.

అల్టిమా వాళ్ళకి తగిలిన దెబ్బలు తర్వాతివాళ్ళకి పాఠాలయ్యాయి. అడవిలో గడ్డి మేసే జంతువులు, వాటిని తినే మృగాలు ఒకదానిమీద ఒకటి ఆధారపడి బతికేలా పెద్ద ఏర్పాటు చేశారు. ఆటగాళ్ళు దిగీ దిగగానే కనబడ్డ జంతువునల్లా చంపేశారు. గొలుసు తెగిపోయింది, ఆ ఏర్పాటునే ఎత్తేయాల్సి వచ్చింది. 1997 ఆగస్టులో పరీక్షలు జరుగుతుండగా ఆట సృష్టికర్త రిచర్డ్ గారియట్ తన రాజు వేషంలో జనం ముందుకొచ్చాడు. చావు లేకుండా చేసే గుర్తు ఆయన క్యారెక్టర్‌కి ఉండేది. సర్వరు పడి లేచాక దాన్ని మళ్ళీ పెట్టుకోవడం మరిచాడు. ఎవరో విసిరిన మంటలో రాజు చచ్చిపోయాడు. సర్వరు మళ్ళీ మొదలైనప్పుడు ఏది గుర్తుంటుంది, ఏది చెరిగిపోతుంది అన్నది ఈనాటికీ ఈ వృత్తిలో మొదటి ప్రశ్నే.

2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 2010కల్లా 1 కోటి 20 లక్షల చందాదారులకి చేరింది. ఆ తర్వాత ఉచితంగా ఆడనిచ్చి లోపల బట్టలూ తుపాకీ రంగులూ అమ్మే పద్ధతి పైచేయి అయింది. డబ్బు వచ్చే దారి మారినప్పుడల్లా ఆట తీరూ మారింది. నెలచందా ఆట మిమ్మల్ని వచ్చే నెలదాకా ఉంచాలని చూస్తుంది. ఉచిత ఆట రోజుకోసారైనా దుకాణం ముందు నిలబెట్టాలని చూస్తుంది.

ప్రశ్న: మాది 100 ఎంబీపీఎస్ ఫైబర్. అయినా సాయంత్రం ఆట నత్తలా నడుస్తుంది. పరిగెడుతుంటే వెనక్కి లాగేస్తుంది. గోడ చాటుకి చేరాక కూడా చచ్చిపోతున్నాను. నెట్ మార్చాలా? (టెక్కలి)

ముందు ఆ 100ని మరిచిపోండి. అది రోడ్డు వెడల్పు. ఎన్‌హెచ్-16ని ఆరు వరుసలు చేసినంత మాత్రాన ఇచ్ఛాపురం దగ్గరికి రాదు. ఆటకి కావలసింది కబురు వెళ్ళి రావడానికి పట్టే సమయం, అదే పింగ్. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. టెక్కలి నుంచి ముంబయి నేరుగా 1,200 కిలోమీటర్లు, కాబట్టి రానూపోనూ కనీసం 12 మిల్లీసెకన్లు. తీగ నేరుగా పోదు, మధ్యలో యంత్రాలు చాలా ఉంటాయి, కాబట్టి 30 నుంచి 50 వస్తే మంచి నెట్టే. ఆట సర్వరు సింగపూర్‌లో ఉంటే చెన్నై మీదుగా సముద్రం కింద పోవాలి, 60 నుంచి 90 మామూలే. ఏ ప్లాన్ కొన్నా ఇది తగ్గదు. ఆట సెట్టింగుల్లో సర్వరు ఏ ప్రాంతంలో ఉందో చూసి, భారతదేశం ఉంటే అదే ఎంచుకోండి.

మీకు సాయంత్రమే తేడా వస్తోంది కాబట్టి దూరం మీ సమస్య కాదు. తప్పు ఎక్కడుందో పది నిమిషాల్లో తేల్చుకోవచ్చు. కంప్యూటర్లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పింగ్ అనే ఆదేశంతో ముందు మీ రౌటర్‌ని అడగండి. చాలా ఇళ్ళలో దాని అడ్రసు 192.168.1.1 లేదా 192.168.0.1. వంద జవాబులు చూడండి (విండోస్‌లో ping -n 100 192.168.1.1 అని టైపు చేయాలి). అన్నీ 5 మిల్లీసెకన్ల లోపు ఉంటే ఇంట్లో వైఫై బాగుంది. మధ్యమధ్య 80, 200 వస్తుంటే తప్పు కంపెనీది కాదు, మీ గోడలది. ఫోన్ని 5 గిగాహెర్ట్జ్ వైఫైకి మార్చండి. 2.4 గిగాహెర్ట్జే గతి అయితే చానల్ 1, 6, 11లో పక్కింటివాళ్ళు వాడనిది పెట్టండి. కంప్యూటరైతే తీగ వేసేయండి, గొడవ వదిలిపోతుంది.

రౌటర్ బాగుంటే బయట ఉన్న గూగుల్ సర్వరు 8.8.8.8ని పింగ్ చేయండి. ఒకసారి ఇంట్లో ఎవరూ నెట్ వాడనప్పుడు, ఇంకోసారి ఎవరైనా పెళ్ళి వీడియో అప్‌లోడు చేస్తుండగా. ఖాళీగా 40 ఉన్నది అప్‌లోడు సమయంలో 400 అయితే రోగం దొరికింది. రౌటర్ తన దగ్గర పెద్ద వరస పేర్చుకుంటోంది. మీ ఆట కబురు 60 బైట్లే అయినా ఆ వీడియో ముక్కల వెనక నిలబడాలి, రథసప్తమినాడు అరసవల్లి క్యూలో చివర చేరినట్టు. రౌటర్లో క్యూఓఎస్ అనే సెట్టింగు ఉంటే అప్‌లోడు, డౌన్‌లోడు పరిమితులు మీ అసలు వేగంలో 85 నుంచి 90 శాతానికి పెట్టండి. అప్పుడు వరస పేరుకోదు. అది లేకపోతే ఫొటోల బ్యాకప్‌ని రాత్రికి మార్చండి. ఇంట్లో ఎవరూ నెట్ వాడకపోయినా సాయంత్రం 7 నుంచి 10 దాకా పింగ్ ఎగిరిపడుతుంటే అప్పుడు అది కంపెనీ లైను మీద రద్దీ. ఆ అంకెల ఫొటో తీసి ఫిర్యాదు చేయండి, ఉత్త మాటకంటే పని చేస్తుంది.

ఇక వెనక్కి లాగడం. మీరు ముందుకి నొక్కగానే ఫోన్ సర్వరు మాట కోసం ఆగకుండా మిమ్మల్ని కదిపేస్తుంది, లేకపోతే ప్రతి అడుగుకీ ఆలస్యం కనబడుతుంది. ఆ కబురు దారిలో తప్పిపోతే, సర్వరు లెక్కలో మీరు పాత చోటే ఉంటారు. దాని మాటే చెల్లుతుంది కాబట్టి మిమ్మల్ని అక్కడికి లాగేస్తుంది. గోడ చాటు చావుకి కారణం వేరు. అవతలివాళ్ళ కదలిక కుదుపుల్లేకుండా చూపడానికి ఆట వాళ్ళని కావాలనే కొంచెం పాత చోట చూపిస్తుంది. పింగ్‌తో కలిపి 0.2 సెకను అనుకుంటే, సెకనుకి 6 మీటర్లు పరిగెత్తే మనిషి అప్పటికే 1.2 మీటర్లు దాటిపోయి ఉంటాడు. మిమ్మల్ని కాల్చినవాడి తెరమీద మీరింకా గోడ బయటే ఉన్నారు. చాలా తుపాకీ ఆటల్లో సర్వరు కాలాన్ని అంతమేర వెనక్కి తిప్పి, కాల్చినవాడు చూసిందే సరి అని తీర్పిస్తుంది. అలా చేయకపోతే గురి చూసి కాల్చినా ఎవరికీ తగలదు. రెండు అన్యాయాల్లో చిన్నదాన్ని ఎంచుకున్నారు.

ఎప్పుడూ 90 ఉండే నెట్, 40 ఉండి అప్పుడప్పుడు 300కి ఎగిరే నెట్ కంటే మేలు. కరెంటు పోయినప్పుడు రౌటర్ మళ్ళీ లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. 12 వోల్టుల చిన్న యూపీఎస్ ఒకటి కొనుక్కుంటే ఆ బాధ తప్పుతుంది. కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి.

ప్రశ్న: పెద్ద రాక్షసుడు వచ్చినప్పుడు అందరూ ఒకేచోట చేరగానే ఆట బిగుసుకుపోతుంది. అంత పెద్ద కంపెనీ ఇంకో నాలుగు కంప్యూటర్లు పెట్టుకోలేదా? (విజయనగరం)

పెట్టినా తీరదు. ఎందుకో లెక్క వేసి చూపిస్తాం. ఒక కూడలిలో 50 మంది ఉంటే ఒక్కొక్కరి కదలిక మిగతా 49 మందికి చెప్పాలి, 2,450 కబుర్లు. 500 మంది అయితే 2,49,500. జనం పది రెట్లయితే కబుర్లు వంద రెట్లు. సెకనుకి 10 టిక్కులు, కబురుకి 30 బైట్లు అనుకుంటే ఆ ఒక్క కూడలికే సెకనుకి 75 ఎంబీ దాకా బయటికి పోవాలి.

పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం గుర్తు తెచ్చుకోండి. మూడు లాంతర్ల దగ్గర నిలబడ్డ మీకు భుజం పక్కనున్న పాతికమంది ముఖాలు తెలుస్తాయి. కోట దగ్గర ఎవరు చెయ్యి ఊపారో మీకు అక్కర్లేదు. ఆట కూడా అలాగే చేస్తుంది. మ్యాపుని 50 మీటర్ల గళ్ళుగా కోసి, మీ గడి, చుట్టూ ఉన్న 8 గళ్ళ సంగతులే మీకు పంపుతుంది. దగ్గరివాళ్ళ కబురు సెకనుకి 10 సార్లు, అంచులోవాళ్ళది రెండుసార్లు. ఒక్కొక్కరికి దగ్గరి 40 మందే అని హద్దు పెడితే ఆ 75 ఎంబీ 6 ఎంబీకి దిగుతుంది. కానీ సిరిమాను ఎంత దూరంలో ఉన్నా అందరికీ కనబడాలి కదా. రాక్షసుడూ అంతే. వాడిని హద్దులకి అతీతంగా అందరికీ పంపుతారు. రద్దీలో రాక్షసుడు కనబడుతూ పక్కవాళ్ళు మాయమవడం మీరు చూసే ఉంటారు. అది లోపం కాదు, అలా చేసిన ఏర్పాటు.

రెండో దారి, జనాన్ని విడగొట్టడం. అల్టిమాలో ఒకే లోకాన్ని నకళ్ళు తీసి వాటికి ‘షార్డ్’ అని పేరు పెట్టారు, అంటే పగిలిన ముక్క. వార్‌క్రాఫ్ట్‌లో గుహలోకి వెళ్ళే ప్రతి ఐదుగురికీ విడిగా ఒక గుహ పుడుతుంది. ఈ అడ్డుగోడకి చిల్లు పడితే ఏమవుతుందో 2005 సెప్టెంబరులో తెలిసింది. గుహలో రాక్షసుడు అంటించే ఒక జబ్బు అక్కడితో ఆగాలి. ఆటగాళ్ళు జబ్బు అంటిన తమ పెంపుడు జంతువుల్ని గుహలో దాచి, నగరంలో బయటికి తీసేసరికి జబ్బు వాటితోనే వచ్చేసింది. నగరాలు శవాలతో నిండిపోయాయి, సర్వర్లు ఆపి మొదలుపెడితేగానీ పోలేదు. అంటువ్యాధుల శాస్త్రజ్ఞులు దాని మీద వ్యాసాలు రాశారు.

ఈవ్ ఆన్‌లైన్ వాళ్ళు జనాన్ని విడగొట్టలేదు, కాలాన్ని సాగదీశారు. రద్దీ పెరిగితే ఆట గడియారం 10 శాతం వేగం దాకా తగ్గుతుంది, అందరికీ సమానంగా. 2014 జనవరి 27న ఒక ఆటగాళ్ళ కూటమి ఆటలోని తన స్థావరం బిల్లు సమయానికి కట్టకపోవడంతో మొదలైన యుద్ధం దాదాపు 21 గంటలు నడిచింది. 7,500 మందికి పైగా పాల్గొన్నారు, ఆటలోకెల్లా పెద్దవైన టైటన్ నౌకలు 75 పోయాయి. కరెంటు బిల్లు మరిచిపోయేవాళ్ళు అన్ని లోకాల్లోనూ ఉన్నారన్నమాట.

ప్రశ్న: మావోడు ఇంటరు. బువ్వకి రమ్మంటే ‘ఇప్పుడాపడానికి అవదమ్మా’ అంటాడు. నిజంగా అవదా, నన్ను ఏమారుస్తన్నాడా? ఫోన్లోంచి డబ్బులూ పోతన్నాయి. ఏటి సెయ్యాల? (ఒక తల్లి, చీపురుపల్లి)

అవదన్న మాట నిజమేనమ్మా. ఆట సర్వరులో నడుస్తుంది కాబట్టి ఒక్కరి కోసం ఆపే బటన్ ఉండదు. మధ్యలో లేస్తే మిగతా ముగ్గురు జట్టువాళ్ళూ దెబ్బతింటారు. అయితే మొదలుపెట్టడం మాత్రం వాడి చేతిలోనే ఉంది. మ్యాచ్ అరగంట అని వాడికి బాగా తెలుసు. అందుకని ఆపే వేళ కాదు, మొదలుపెట్టే వేళ ఖాయం చేయండి: ఎనిమిదిన్నరకి బువ్వ అయితే ఎనిమిది తర్వాత కొత్త మ్యాచ్ వద్దు. ఇది వాడు కాదనలేడు.

డబ్బు సంగతికి, ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు బొమ్మ నొక్కి, సెట్టింగుల్లో కొనుగోలు చేసిన ప్రతిసారీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. ఆ వేలిముద్ర మీది అయి ఉండాలి. దాచి ఉన్న కార్డు, యూపీఐ తీసేయండి. కొని 48 గంటలు దాటకపోతే డబ్బు వెనక్కి ఇమ్మని గూగుల్‌ని అడగొచ్చు.

ప్రశ్న: ఫోన్ పోతే నా క్యారెక్టర్ పోతుందా? (పలాస)

‘గెస్ట్’గా, అంటే ఏ ఖాతాకీ కలపకుండా ఆడుతుంటే పోవచ్చు. అప్పుడు సర్వరుకి మీరంటే ఆ ఫోనే. ఈరోజే ఈమెయిల్‌కో గూగుల్ ఖాతాకో కలపండి. ఆ ఈమెయిల్‌కి రెండంచెల భద్రత కూడా పెట్టుకోండి. లెవెల్ పెంచి ఇస్తామని పాస్‌వర్డ్ అడిగేవాళ్ళకి ఇచ్చారంటే ఫోన్ చేతిలో ఉండగానే క్యారెక్టర్ పోతుంది.

ప్రశ్న: మొదట్లో 200 నాణేలకి వచ్చిన కత్తి ఇప్పుడు 5,000. ఆటలో కూడా ధరలు పెరగడమేమిటి? (రాజాం)

చంపిన ప్రతి రాక్షసుడి జేబులో నాణేలు దొరుకుతాయి కదా, అవి ఎవరి దగ్గర్నుంచీ రాలేదు, ఆ క్షణంలో అచ్చయ్యాయి. వెయ్యిమంది రోజుకి రెండు గంటల చొప్పున గంటకి 500 సంపాదిస్తే రోజుకి 10 లక్షల కొత్త నాణేలు. ఆయుధాల మరమ్మతు, సంతలో అమ్మితే 5 శాతం కోత, గుర్రం కొనుగోలు వంటివాటికి 6 లక్షలు కరిగిపోతే, మిగిలిన 4 లక్షలు లోకంలోనే ఉంటాయి. నెలకి కోటీ 20 లక్షలు. కత్తులు అన్నే ఉన్నాయి, నాణేలు పెరిగాయి. ఆటలో మరమ్మతు ఖర్చు దోపిడీలా అనిపిస్తుంది గానీ, ధరల్ని కాస్తయినా పట్టి ఉంచేది అదే.

ఒక్కోసారి దొంగతనం కూడా కారణం. ‘డూప్’ అంటారు. మీరు కత్తిని స్నేహితుడికి ఇచ్చారు. సర్వరు అతని ఖాతా రాసుకుంది, మీది రాసుకునేలోగా పడిపోయింది. లేచాక పాత లెక్క ప్రకారం మీ దగ్గరా కత్తి, అతని దగ్గరా కత్తి. సర్వరుని ఎలా పడగొట్టాలో తెలిసినవాళ్ళు దీన్నే పదేపదే చేస్తారు. ఇచ్చినదీ పుచ్చుకున్నదీ డేటాబేసులో ఒకే దస్తావేజుగా పడాలి, పడితే రెండూ, లేకపోతే ఏదీ లేదు. ఇదే దీనికి మందు.

ప్రశ్న: నలుగురు స్నేహితులం బొబ్బిలి యుద్ధం మీద 2,000 మంది ఆడే ఆట చేయాలనుకుంటున్నాం. ఎక్కడ మొదలుపెట్టాలి? (ఇంజినీరింగ్ విద్యార్థి, బొబ్బిలి)

16 మందితో. కోట వద్దు, ఒక గది చాలు. ఆటలు తయారుచేసే గోడో ఇంజిన్ ఉచితం, అందులో కబుర్లు పంపే ఈనెట్, యూడీపీ అనే పద్ధతి మీద పనిచేస్తుంది. కదలికలకి అదే కావాలి, ఎందుకంటే ఒక కబురు దారిలో తప్పిపోతే దాని కోసం తర్వాతివన్నీ ఆగకూడదు. టిక్ సెకనుకి 10 పెట్టుకోండి.

కబుర్లని పిసినారితనంతో రాయండి. మ్యాపు 2 కిలోమీటర్ల చదరం అనుకుంటే, ఒక్కో దిక్కుకి 2 బైట్లు ఇస్తే 65,536 మెట్లు, అంటే 3 సెంటీమీటర్ల కచ్చితత్వం. అది చాలు. మూడు దిక్కులకి 6, ఎవరన్నదానికి 2, ఎటు తిరిగాడో 1, మొత్తం 9 బైట్లు. సర్వరులో వేగం తనిఖీ మొదటిరోజే పెట్టండి. సెకనుకి 6 మీటర్లే పరిగెత్తగలవాడు ఒక టిక్‌లో 0.6 మీటరే కదలాలి. నెట్ కుదుపుల కోసం 0.9 దాకా వదిలి, వరసగా దాటితే వెనక్కి లాగండి. నిలబడ్డ చోటు ఐదు నిమిషాలకోసారి డేటాబేసులో రాసినా పర్వాలేదు, వస్తువుల మార్పిడి మాత్రం అప్పటికప్పుడే. సర్వరు హైదరాబాద్‌లోనో ముంబయిలోనో అద్దెకి తీసుకోండి, రెండుచోట్లా పెద్ద క్లౌడ్ కంపెనీల డేటా సెంటర్లున్నాయి.

ఇక మీ కథలో రెండు చిక్కులున్నాయి. 1757 జనవరి యుద్ధంలో బుస్సీ ఫ్రెంచి సేన, విజయనగరం సేన కలిసి కోట మీదికి వచ్చాయి. మీ ఊళ్ళో ఆట విడుదల చేస్తే అటువైపు ఎవరు చేరతారు? అందరూ తాండ్ర పాపారాయుడి పక్షమే. పెద్ద ఆటల్లో కూడా ఇది నిత్య సమస్య. నిండిన పక్షానికి వరస పెట్టండి, ఖాళీ పక్షంలో వెంటనే దిగనివ్వండి.

రెండోది కోట ద్వారం. ఉన్న జనమంతా అక్కడే కుక్కుకుంటారు, పైన విజయనగరం పాఠకులకి చెప్పిన లెక్క అక్కడే మీ మెడకి చుట్టుకుంటుంది. గోడకి నాలుగు వైపులా దాడికి కారణాలు పెట్టి జనాన్ని చీల్చండి. కోట లోపలా బయటా వేరువేరు సర్వర్లు పెట్టినా తలుపు ప్రాణం ఒక్క సర్వరు చేతిలోనే ఉండాలి. లేకపోతే బయటివాళ్ళకి పగిలిన తలుపు, లోపలివాళ్ళకి మూసి ఉన్న తలుపు కనబడుతుంది. జనాన్ని పిలిచే ముందు 200 దొంగ ఆటగాళ్ళని ప్రోగ్రాముతో తయారుచేసి ఆ ద్వారం ముందు పరిగెత్తించండి, లినక్స్‌లో చెడ్డ నెట్‌ని అనుకరించే నెటెమ్‌తో 150 మిల్లీసెకన్ల ఆలస్యం, 2 శాతం కబుర్ల నష్టం పెట్టి. ఒక టిక్ పనికి 100 మిల్లీసెకన్లు దాటిందంటే 2,000 సంగతి తర్వాత, ముందు ఆ 200 సరిచేయండి.